కీచురాయి కాని కీచురాయి: సికాడాల చుట్టరికం తేల్చడంలో ఉన్న చిక్కు

కేబీఆర్ పార్కులో ఒక వేప చెట్టు బోదెకు మట్టిరంగు పురుగు ఒకటి అంటుకుని ఉంది. నేను వంగి చూస్తుంటే వెనక నుంచి ఒక పెద్దాయన, "చచ్చిన కీచురాయండీ, ముట్టుకోకండి" అని చెప్పి ఆగకుండా నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఆయన మాటలో రెండు తప్పులున్నాయి. అది చచ్చిన పురుగు కాదు, పురుగు విడిచిపోయిన కుబుసం. రెండోది, అది కీచురాయీ కాదు, సికాడా అనే వేరే పురుగు. మొదటి తప్పు సరిదిద్దడం రెండు నిమిషాల పని. రెండోదాన్ని సరిదిద్దబోయిన శాస్త్రవేత్తలకు మాత్రం రెండున్నర శతాబ్దాలు పట్టింది. ఆ పని ఇంకా పూర్తి కాలేదు కూడా.

ఆ పెంకును జాగ్రత్తగా ఊడదీసి అరచేతిలో పెట్టుకుని చూశాను. ముందుకాళ్ళు లావుగా, ముళ్ళతో, చిన్న గునపాల్లా ఉన్నాయి. ఏళ్ళ తరబడి నేల లోపల మట్టి తవ్వుకుంటూ, చెట్ల వేళ్ళ రసం పీల్చుకుంటూ బతికిన కాళ్ళవి. వీపు మీద నిలువునా ఒక చీలిక. పెరిగిన పురుగు బయటికొచ్చిన దారి అదే. చీలికలోంచి తెల్లటి దారప్పోగులు వేలాడుతున్నాయి. చూసినవాళ్ళు బూజనుకుంటారు గానీ అవి ఊపిరి గొట్టాల లోపలి పొరలు. కుబుసంతో పాటు వాటిని కూడా పురుగు విడిచేస్తుంది. పొట్ట వైపు తిప్పితే కాళ్ళ మధ్య మడిచిపెట్టిన సూదిలాంటి తొండం కనిపించింది. అసలు కథ ఈ తొండం దగ్గరే మొదలవుతుంది.

మన భాషలో ఈ పురుగుకు పేరు లేదని కాదు, ఉన్న పేరు దీనొక్కదానిది కాదు. కీచుమని అరిస్తే కీచురాయి. రాత్రి పచ్చిక లోంచి ఆగి ఆగి వచ్చే కిరకిర కీచురాయే, పగటిపూట చెట్ల మీద నుంచి రంపం కోసినట్టు ఏకధాటిగా వచ్చే మోతా కీచురాయే. మా అమ్మమ్మ రెండింటినీ చిమ్మెట అనేసేది. నిఘంటువుల్లో ఇలకోడి ఉంది, అంటే నేలకోడి. సంస్కృతం నుంచి వచ్చిన ఝిల్లిక కూడా ఉంది. ఏదీ ఈ రెండు పురుగులనూ విడదీయదు. తప్పు పట్టడానికేమీ లేదు, పాట వినబడుతుంది గానీ పాడేది కనబడదు కదా. వినబడిన దాన్ని బట్టి పేరు పెట్టారు.

కనబడితే మాత్రం పొరబడటానికి వీల్లేదు. రాత్రి పచ్చికలో అరిచే అసలు కీచురాయికి, అంటే ఇంగ్లీషువాళ్ళ క్రికెట్‌కి, దారాల్లాంటి పొడుగాటి మీసాలుంటాయి. చాలావాటికి ఒంటికంటే మీసాలే పొడవు. వెనక కాళ్ళు దూకడానికి, నోరు కొరకడానికి. ఒక రెక్క అంచును ఇంకో రెక్క మీద రుద్ది శబ్దం చేస్తుంది. దాని చెవులు ముందుకాళ్ళ మీద ఉంటాయి. సికాడా మీసాలు కుంచె వెంట్రుకంత పొట్టివి. రెండు పెద్ద కళ్ళ మధ్య నడినెత్తి మీద ముక్కోణంలో మూడు చిన్న కళ్ళు, ఒక్కోసారి ఎర్రటి రాళ్ళు పొదిగినట్టు. నోరు కొరకదు, గుచ్చి పీలుస్తుంది. శబ్దం చేసేది రెక్క కాదు, పొట్ట మొదట్లో ఇరువైపులా ఉన్న టింబల్ అనే పొర. చెవులు కూడా పొట్ట మీదే. ఒకటి మిడతల బంధువు. రెండోది హెమిప్టెరా అనే క్రమానికి, అంటే పురుగుల్లో ఒక పెద్ద విభాగానికి, చెందినది. ఈ రెండిటికీ మధ్య ఉన్న దూరం పిల్లికీ కుక్కకీ మధ్య ఉన్నదాని కంటే చాలా ఎక్కువ.

మరి సికాడాకు అసలు చుట్టాలెవరు? మన రైతులకు వాళ్ళు బాగా తెలుసు, ప్రేమగా మాత్రం కాదు. పత్తి మీద తెల్లదోమ, మిరప మీద పేనుబంక, మందార కొమ్మల మీద పిండినల్లి, వరిలో పచ్చదోమ, సుడిదోమ, చివరికి మంచంలో నల్లి, అన్నీ హెమిప్టెరా వంశమే. గుచ్చి పీల్చే తొండం వీటన్నిటికీ ఉమ్మడి ఆస్తి. ఇక్కడా పేర్లు మోసం చేస్తాయి. సుడిదోమ దోమ కాదు, తెల్లదోమ దోమ కాదు. మనల్ని కుట్టే దోమ ఈగల వంశం. రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థలో సుడిదోమను తట్టుకునే వంగడాల మీద పనిచేసేవాళ్ళు సికాడాల దూరపు బంధువులతోనే రోజూ కుస్తీ పడుతున్నారన్నమాట.

శాస్త్రం కూడా మొదట మనలాగే గంపగుత్తగా పేరు పెట్టింది. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ సికాడా అనే ఒక్క ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) కింద అసలు సికాడాలతో పాటు ఆకుల మీద గెంతే పచ్చ పురుగులను, నురగలో దాక్కునే ఉమ్మిపురుగులను కూడా చేర్చేశాడు. ఉమ్మిపురుగుకు ఆయన పెట్టిన పేరు సికాడా స్ప్యుమేరియా. ఇప్పుడది వేరే కుటుంబం, వేరే పేరు. కానీ ఆ పొరపాటులో కొంత నిజముంది. బతికున్న వాటిలో సికాడాలకు అత్యంత దగ్గరి చుట్టాలు ఈ ఉమ్మిపురుగుల గుంపేనని ఇప్పటి లెక్క.

ఇక్కడ కాస్త ఆగి, చుట్టరికం అంటే ఏమిటో తేల్చుకోవాలి. మొత్తం చిక్కంతా ఈ మాట దగ్గరే ఉంది.

పాత పద్ధతిలో పోలికలు లెక్కపెట్టేవారు. ఎన్ని పోలికలుంటే అంత దగ్గర అనుకునేవారు. ఇంట్లో చూసుకుంటే అందులో లోపం తెలుస్తుంది. నాకూ మా పెదనాన్న కొడుక్కీ ఒకే రకం ముక్కు ఉందంటే అది తాత ముక్కు. మా అన్నకు ఆ ముక్కు రాకుండా అమ్మ ముక్కు వచ్చింది. ముక్కు చూసి నన్ను పెదనాన్న కొడుక్కి తోడబుట్టినవాణ్ణి చేసి, మా అన్నను పక్కింటివాణ్ణి చేస్తే ఎలా? పై తరం నుంచి దిగివచ్చిన పోలిక ఎంతమందికైనా ఉండొచ్చు. అది వాళ్ళలో ఎవరికెవరు దగ్గరో చెప్పదు. ఒక కొమ్మలోనే కొత్తగా పుట్టి, ఆ కొమ్మ సంతానానికి మాత్రమే దిగిన పోలిక ఒక్కటే సాక్ష్యానికి పనికొస్తుంది. ఇంటిపేరు సంగతీ అంతే. కూకట్‌పల్లిలో నా ఇంటిపేరున్నవాళ్ళు ఒక అపార్ట్‌మెంట్ నిండా ఉంటారు, ఒక్కరూ నాకు చుట్టం కారు.

రెండో నియమం వంశవృక్షానికి సంబంధించినది. మన పాత వంశవృక్షాల్లో కొడుకుల సంతానాన్నే రాసి, కూతుళ్ళ పిల్లల్ని వదిలేసేవారు. ఆస్తి పంపకాలకు అది చాలునని అనుకున్నారేమో గానీ రక్తసంబంధం లెక్కకు అది సగం కాగితమే. జీవశాస్త్రంలో ఒక గుంపుకు పేరు పెట్టాలంటే ఒక మూలపురుషుడు, వాడి సంతానమంతా అందులోకి రావాలి. ఎవరినీ వదలకూడదు. హోమోప్టెరా అనే పాత గుంపు కూలిపోయింది ఈ నియమం దగ్గరే. రెక్కంతా ఒకే తీరుగా ఉండే పురుగులను, అంటే సికాడాలు, పచ్చదోమలు, పేనుబంక, తెల్లదోమలను ఒక జట్టు చేసి, రెక్కలో సగం తోలులా సగం పొరలా ఉండే నల్లి వైపు పురుగులను ఇంకో జట్టు చేశారు. 1995 ప్రాంతంలో డీఎన్ఏ పోల్చి చూస్తే బొమ్మ తిరగబడింది. పేనుబంక, తెల్లదోమల శాఖ ముందే విడిపోయింది. సికాడాల శాఖ పేనుబంక కంటే నల్లులకే దగ్గర. అంటే హోమోప్టెరా అనేది కూతురి పిల్లల్ని వదిలేసిన వంశవృక్షం లాంటిది. ఒకే తీరు రెక్క తాత ముక్కు లాంటిది. అయినా ఆ పేరు కొన్ని పాఠ్యపుస్తకాల్లో ఇంకా బతికే ఉంది. ఒకసారి ముద్రణకెక్కిన పేరు అంత తొందరగా చావదు.

ఈ పేర్లలో ఒక చిన్న సౌకర్యం కూడా ఉంది. చివరి అక్షరాలే అంతస్తు చెబుతాయి. సికాడిడే అంటే కుటుంబం, సికాడినే అంటే ఉపకుటుంబం, సికాడిని అంటే దాని లోపలి తెగ. మాట ఒకటే, తోక మారితే హోదా మారుతుంది. చదివేటప్పుడు కళ్ళు తిరుగుతాయి గానీ అలవాటైతే బావుంటుంది.

ప్రపంచంలో ఇప్పటికి 3,000కు పైగా సికాడా జాతులకు పేర్లున్నాయి. మన దేశంలో దాదాపు 200. ఇన్నింటినీ పట్టుకునే కుటుంబాలు ఇప్పుడు రెండే రెండు. అందులో ఒకటైన టెటిగార్క్టిడేలో బతికున్నవి రెండు జాతులు మాత్రమే. ఒకటి ఆస్ట్రేలియా ఆగ్నేయ మూలన, ఇంకొకటి టాస్మానియాలో ఉంటాయి. ఒళ్ళంతా నూగు, తిరిగేది రాత్రిపూట, మెడ మీది పలక వెనక్కి సాగి వీపును చాలా మటుకు కప్పేస్తుంది. మిగతా సికాడాలకుండే చెవి పొర వీటికి లేదు. టింబల్ మగవాటికీ ఆడవాటికీ ఉంది గానీ దాంతో గాలిలో పాట రాదు. కూర్చున్న కొమ్మను సన్నగా వణికిస్తాయి, ఆ వణుకును అవతలిది కాళ్ళతో పసిగడుతుంది. ఈ కుటుంబానికి చెందిన శిలాజాలు డైనోసార్ల కాలం రాళ్ళలో చాలానే దొరికాయి. ఒకప్పుడు పెద్ద సంసారమే, ఇప్పుడు ఇద్దరు మిగిలారు.

మిగతా మూడు వేలూ సికాడిడే. గొడవంతా ఈ ఇంట్లోనే.

టింబల్ ఎలా పనిచేస్తుందో ముందు చూద్దాం. పలచటి రేకు డబ్బా మూతను బొటనవేలితో నొక్కితే టక్కుమని లోపలికి పోతుంది, వదిలితే మళ్ళీ టక్కుమని పైకి లేస్తుంది. టింబల్ అలాంటి పొరే, దాని మీద గట్టి పక్కటెముకల వరస. లోపలి నుంచి ఒక బలమైన కండరం దాన్ని లాగి వదులుతూ ఉంటుంది, సెకనుకు వందల సార్లు. పాడేది మగదే. దాని పొట్ట చాలా భాగం గాలితో నిండిన బోలు గది. తంబుర బుర్రలా అది శబ్దాన్ని పెంచుతుంది. ఆఫ్రికాలో బ్రెవిసానా బ్రెవిస్ అనే సికాడా పాటను 50 సెంటీమీటర్ల దూరం నుంచి కొలిస్తే 106.7 డెసిబెల్స్ వచ్చింది. గణేశ్ నిమజ్జనం రోజు డీజే బండి పక్కన నిలబడ్డవాళ్ళకు ఆ అంకె ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు.

కొన్ని సికాడాల్లో ఈ టింబల్ మీద పొట్ట పైనుంచి ఒక మూత పెరిగి ఉంటుంది. కొన్నిట్లో మూత లేక టింబల్ బయటికే కనిపిస్తుంది. చూడటానికి తేలిక, భూతద్దం కూడా అక్కర్లేదు. మ్యూజియంలో ఎండిన పురుగులను వరసలో పెట్టుకున్న మనిషికి ఇంతకంటే సుఖమైన గుర్తు ఏముంటుంది? మూత ఉంటే ఒక పెట్టె, లేకపోతే ఇంకో పెట్టె. 1963లో అమెరికా కీటక శాస్త్రవేత్త మెట్‌కాఫ్ పేరిట వెలువడిన ప్రపంచ సికాడాల జాబితా ఇదే దారిలో రెండు భాగాలుగా వచ్చింది, ఒకటి సికాడిడే, రెండోది టిబిసినిడే. ఆ తర్వాత నాలుగు దశాబ్దాల పాటు చాలామంది దాన్నే అనుసరించారు.

ఇందులో తప్పెక్కడ? మూత లేకపోవడం అనేది పోలికే కాదు. చెప్పులు లేనివాళ్ళందరూ ఒకే వంశం అన్నట్టుంటుంది. మొదటి సికాడాలకు మూత లేదు. ఆ పాత స్థితి మారకుండా మిగిలినవన్నీ ఒక గుంపులో పడ్డాయి, అంటే తాత ముక్కు. ఇక మూత ఉన్నవాటిలో కూడా అది ఒక్కసారే పుట్టి అందరికీ దిగిందని నమ్మడానికి లేదు. వేర్వేరు కొమ్మల్లో మూత విడివిడిగా పెరిగింది, కొన్నిచోట్ల పెరిగి మళ్ళీ కుంచించుకుపోయింది. శబ్దంతో ముడిపడిన అవయవం కదా, జత కుదరడం దాని మీదే ఆధారపడి ఉంటుంది. అలాంటి అవయవం తొందర తొందరగా మారుతుంది. అంత తొందరగా మారేదాన్ని కోట్ల ఏళ్ళ వంశానికి పునాదిరాయి చేశారు. కీచుమన్నదల్లా కీచురాయి అన్న మనకూ, మూత ఉన్నదల్లా ఒక కుటుంబం అన్న వాళ్ళకూ మధ్య తేడా నాకైతే పెద్దగా కనిపించదు. ఇద్దరూ పాటకు పడిపోయినవాళ్ళే.

2005లో ఆస్ట్రేలియాకు చెందిన మాక్స్ మోల్డ్స్ దీన్ని కుదిపాడు. ఒక్క గుర్తును కాకుండా ఒంటి మీద పదుల కొద్దీ లక్షణాలను తీసుకుని, ఏది పాతది, ఏది కొత్తగా పుట్టింది అని ఒక్కోదాన్నీ విడదీసి లెక్కగట్టాడు. రెక్క ఈనెలు ఎక్కడ కలుస్తున్నాయి, వీపు చివరి పలక నడిమధ్యలో కొంచెమైనా బయటికి కనబడుతోందా, లేక పూర్తిగా దాగిందా, మగ అంగం చుట్టూ ఉన్న కొక్కేలు ఎలా ఉన్నాయి అన్నవి వాటిలో కొన్ని. చూడటానికి విసుగు పుట్టించే వివరాలే, కానీ పాటతో సంబంధం లేని ఈ మూలమూలల్లోనే వంశం గుర్తులు చెదరకుండా నిలిచాయి. టిబిసినిడేను విడి కుటుంబంగా ఉంచడానికి ఆధారం లేదని, మూత ఉన్నా లేకపోయినా పాడే సికాడాలన్నీ ఒకే కుటుంబమని తేల్చాడు. దాని లోపల మూడు ఉపకుటుంబాలు చేశాడు.

మూత మాట అటుంచితే, అసలు టింబలే లేని సికాడాలున్నాయి. అమెరికా పడమటి రాష్ట్రాల్లోని ప్లాటిపీడియా మగది రెక్కలతో చిటికెలు వేసి ఆడదాన్ని పిలుస్తుంది. ఒకప్పుడు దానికి ప్రత్యేకంగా ఒక పెద్ద గుంపే కట్టారు. చైనా, మయన్మార్ వైపు కరేనియా అనే ప్రజాతికి కూడా టింబల్ లేదు, అదీ రెక్కలనే నమ్ముకుంది. ఈ రెండూ చుట్టాలా? కావు. మిగతా ఒళ్ళంతా చూస్తే ఒకటి ఒక ఉపకుటుంబంలోకి, రెండోది వేరే ఉపకుటుంబంలోకి వెళుతుంది. రెండిళ్ళలో విడివిడిగా గొంతు పోయింది, ఇద్దరూ చప్పట్లు నేర్చుకున్నారు.

2018లో డేవిడ్ మార్షల్, క్రిస్ సైమన్, మోల్డ్స్, ఇంకా కొందరు కలిసి డీఎన్ఏతో ఈ వృక్షాన్ని మళ్ళీ గీశారు. మోల్డ్స్ గీసిన ప్రధాన కొమ్మలు చాలావరకు నిలిచాయి గానీ కొన్ని తెగలు ఒకచోటి నుంచి ఇంకోచోటికి మారాయి. ఆఫ్రికా వైపు సికాడాలతో ఒక కొత్త ఉపకుటుంబం వచ్చింది. పోయిందనుకున్న టిబిసిన్ పేరు, మోల్డ్స్ చేసిన మూడు ఉపకుటుంబాల్లో ఒకదానికి పేరుగా తిరిగొచ్చింది, వేరే సభ్యులతో. మరుసటి ఏడు ఇంకో ఆశ్చర్యం. అర్జెంటీనా నడిమి ఎండు ఉప్పునేలల్లో బతికే డెరోటెటిక్స్ అనే చిన్న సికాడా మిగతా సికాడిడే అన్నిటికంటే ముందే విడిపోయిన కొమ్మ అని తేలింది. ఎవరూ పట్టించుకోని ఈ పురుగు కోసం ఐదో ఉపకుటుంబం పెట్టాల్సి వచ్చింది.

డెరోటెటిక్స్ విషయంలో వాడిన సాక్ష్యాల్లో ఒకటి నాకు భలే నచ్చింది. సికాడా పీల్చేది దారువులోని, అంటే చెట్టులో నీటిని పైకి మోసే గొట్టాల్లోని, రసం. దాదాపు నీళ్ళే, పోషకాలు చాలా తక్కువ. ఒంటికి కావలసిన అమైనో ఆమ్లాలు దాని లోపల ప్రత్యేక అవయవాల్లో కాపురమున్న బాక్టీరియా తయారుచేసి ఇస్తాయి. సుల్సియా, హాడ్జ్‌కినియా అని వాటి పేర్లు. ఇవి బయటి నుంచి అంటుకునేవి కావు. తల్లి నుంచి గుడ్డులోకి, గుడ్డు నుంచి బిడ్డకు, తరతరాలుగా నగల పెట్టె చేతులు మారినట్టు వెళతాయి. అందుకే సికాడా కొమ్మ రెండుగా చీలితే దాని బాక్టీరియా కొమ్మ కూడా అక్కడే చీలుతుంది. పురుగు జన్యువులు చెప్పిన కథకు దాని కడుపులోని బాక్టీరియా రెండో సాక్షి అన్నమాట. జపాన్‌లో కొన్ని సికాడాలు హాడ్జ్‌కినియాను పోగొట్టుకుని దాని స్థానంలో ఒక శిలీంధ్రాన్ని పెట్టుకున్నాయి. ఆ శిలీంధ్రం సికాడాలను చంపి తినే శిలీంధ్రాలకు దగ్గరి చుట్టం. చంపేవాళ్ళింటి నుంచి వంటమనిషిని తెచ్చుకున్నట్టుంది వ్యవహారం.

డీఎన్ఏ వచ్చింది కాబట్టి టెన్షన్ తీరిపోయిందనుకోకండి. చాలా అధ్యయనాలు మైటోకాండ్రియా జన్యువులతో మొదలవుతాయి. అవి తల్లి వైపు నుంచి మాత్రమే వస్తాయి. రెండు జాతులు ఎప్పుడో ఒకసారి కలిసి పిల్లల్ని కంటే, తండ్రి వైపు కథంతా అందులో కనబడదు. అందుకని కేంద్రకంలోని జన్యువులు కూడా చదివి, రెండు కథలూ కలుస్తున్నాయా అని చూడాలి. కలవకపోతే మళ్ళీ పురుగు ఒంటి దగ్గరికే వెళ్ళి కొక్కేలు, ఈనెలు చూసుకోవాలి.

పాటను ఇంతసేపు దోషిలా నిలబెట్టాను. దానికి న్యాయం చేయాలి. పై అంతస్తుల్లో, కుటుంబాల లెక్కలో, పాట మోసం చేస్తుంది. కింది అంతస్తులో, రెండు జాతులను విడదీసేటప్పుడు, పాటను మించిన సాక్షి లేదు. ఆడది తన జాతి మగవాణ్ణి గుర్తుపట్టేది పాటతోనే కదా. యూరప్‌లో సికాడెట్టా మోంటానా అని ఒకే జాతిగా చూసినవాటి పాటలు రికార్డు చేస్తే ఒక్కో ప్రాంతంలో ఒక్కో రకం వినిపించింది. ఒక పేరు కింద నుంచి అనేక జాతులు బయటపడ్డాయి. ఎండిన పురుగులను ఎన్నాళ్ళు చూసినా ఆ తేడా తేలేది కాదు.

అమెరికాలోని మాజిసికాడా కథ ఇంకా చిత్రమైనది. ఇవి నేలలో 13 ఏళ్ళో 17 ఏళ్ళో ఉండి ఒక్కసారిగా కోట్లలో బయటికొస్తాయి. 2024లో రెండు పెద్ద గుంపులు, 13 ఏళ్ళదొకటి, 17 ఏళ్ళదొకటి, ఒకే వేసవిలో లేచాయి. అంతకుముందు అవి కలిసి లేచింది 1803లో. మొత్తం ఏడు జాతులు. 13 ఏళ్ళవి నాలుగు ఒక వైపు, 17 ఏళ్ళవి మూడు ఒక వైపు ఉంటాయని మనం అనుకుంటాం. అలా కాదు. 17 ఏళ్ళ జాతి ఒక్కోదానికీ 13 ఏళ్ళ వాటిలో ఒక జోడీ ఉంది, రూపం, పాట దాదాపు అదే. దగ్గరి చుట్టరికం ఆ జోడీల మధ్యే. అంటే 13, 17 అనే తేడా ఒక్కసారి కాదు, ఒకటికి మించి సార్లు విడివిడిగా ఏర్పడింది. ఏడో జాతి, నియోట్రెడెసిమ్, 2000లో బయటపడింది. అప్పటిదాకా ట్రెడెసిమ్ అనే ఇంకో 13 ఏళ్ళ జాతిలో కలిసిపోయి ఉంది. రెండూ కలిసి ఉండే చోట్ల నియోట్రెడెసిమ్ తన పాట స్థాయిని పెంచి పాడుతుంది, తన ఆడవి పొరబడకుండా.

మన దేశంలో కాలం తప్పని సికాడా మేఘాలయ రీభోయ్ జిల్లాలో ఉంది. నాలుగేళ్ళకొకసారి, సరిగ్గా ఫుట్‌బాల్ ప్రపంచకప్ ఏడాదిలో లేస్తుంది. అక్కడివాళ్ళు నియాంగ్‌టాసెర్ అంటారు, పట్టుకుని వండుకుంటారు కూడా. 2013లో దానికి క్రెమిస్టికా రీభోయ్ అని శాస్త్రీయ నామం వచ్చింది. జిల్లా పేరే పురుగు పేరైంది.

దక్షిణాదిలో జరిగిన సవరణ ఇంకా దగ్గరిది. కేరళ వైపు సికాడా ఒకదాన్ని శతాబ్దానికి పైగా మలేషియా జాతి పురానా టైగ్రినాగా చూస్తూ వచ్చారు. ఈ మధ్య దాన్ని ఒళ్ళంతా మళ్ళీ పరిశీలిస్తే అది వేరే జాతి అని తేలింది. పేరు పురానా చీవీడా. మలయాళంలో సికాడాను చీవీడు అంటారు, ఆ మాటనే శాస్త్రీయ నామంలోకి ఎక్కించారు. ఇలాంటి పొరపాట్లకు కారణం వెతికితే మ్యూజియం సొరుగుల దాకా వెళ్ళాలి. మన ఉపఖండం సికాడాల్లో చాలావాటికి పేరు పెట్టినవాడు విలియం లూకస్ డిస్టెంట్. కలకత్తా ఇండియన్ మ్యూజియం ఆయన ప్రాచ్య సికాడాల గ్రంథాన్ని 1889 నుంచి 1892 వరకు భాగాలుగా వెలువరించింది. ఆయన చేసిన పని కొండంత. కానీ సూదికి గుచ్చిన పురుగు ఎండిపోయాక పచ్చరంగు గోధుమరంగుకు తిరుగుతుంది, పాట అసలే ఉండదు. దొరికిన ఊరి పేరు చీటీ మీద సరిగా లేకపోతే కేరళదీ మలేషియాదీ ఒకే సొరుగులో పడినా అడిగేవాళ్ళుండరు.

పేర్లు మారడం చూసి చిరాకుపడేవాళ్ళను నేను అర్థం చేసుకోగలను. అమెరికాలో దశాబ్దాలుగా టిబిసెన్ అని పిలుచుకున్న వేసవి సికాడాలను 2015లో నియోటిబిసెన్ అని, హడోవా అని విడగొట్టారు. ఆ మరుసటి ఏడు పెద్ద సైజు వాటిని మెగాటిబిసెన్ చేశారు. మన దగ్గర మెగా అనే బిరుదు ఎవరికిస్తారో తెలిసినవాళ్ళకు నవ్వొస్తుంది. విడగొట్టడానికి కారణం మళ్ళీ వంశవృక్షమే. ఒకే పేరు కింద ఉన్నవన్నీ ఒకే కొమ్మకు చెందినవి కావని తేలింది.

కాలం లెక్కకు శిలాజాలు కావాలి. వృక్షం ఎవరికెవరు దగ్గరో చెబుతుంది గానీ ఎప్పుడు విడిపోయారో చెప్పడానికి కనీసం ఒకటి రెండు కొమ్మల దగ్గర తేదీ ఉన్న రాయి దొరకాలి. జర్మనీలోని మెస్సెల్ గని నుంచి వచ్చిన సికాడా శిలాజానికి 2025లో ఇయోప్లాటిప్లూరా మెస్సెలెన్సిస్ అని పేరు పెట్టారు. వయసు సుమారు 4 కోట్ల 70 లక్షల ఏళ్ళు. మన దేశంలో కూడా ఉన్న ప్లాటిప్లూరా ప్రజాతి తెగకు చెందినదది. ఆ తెగ ఇప్పుడు ఆఫ్రికాలో, ఆసియాలో పరుచుకుని ఉంది. దాని పాత బంధువు మాత్రం యూరప్ రాళ్ళలో కనబడింది. ఇక ఆ తెగ చీలికల తేదీలను ఈ రాయిని ఆధారం చేసుకుని లెక్కగట్టుకోవచ్చు.

కేబీఆర్ నుంచి తెచ్చిన పెంకు నా బల్ల మీద అగ్గిపెట్టెలో ఉంది. ఇలాంటి ఖాళీ కుబుసం నుంచి కూడా డీఎన్ఏ తీయొచ్చు, కొన్ని చోట్ల తీశారు కూడా. అంత దూరం వెళ్ళకుండా, మామూలు భూతద్దంతో చెప్పగలిగేది ఒకటుంది. పొట్ట చివర కింది వైపు చూడాలి. మగదాని పెంకులో అక్కడ మొద్దుగా ముగుస్తుంది. ఆడదైతే గుడ్లు పెట్టే సూది రాబోయే చోట నిలువుగా గీత, దాని పక్కన చిన్న ఉబ్బెత్తు అచ్చు ఉంటాయి. దీపం దగ్గర పెట్టి చూశాను. గీత ఉంది. పెద్దాయన కీచురాయి అన్న ఆ పురుగు జన్మలో ఒక్కసారి కూడా కీచుమనదు.